కాగితపు నమూనాల తయారీ

అచ్చువేసిన భాగాలను మందపాటి కాగితం నుంచి కత్తిరించి, మడిచి, అంటించి భవనాలు, ఓడలు, విమానాలకు చిన్న ప్రతిరూపాలు చేసే వ్యాపకం. కత్తెర లేకుండా మడతలతోనే ఆకారం తెచ్చే ఓరిగామి దీనికి దగ్గరి చుట్టమే గాని, ఇది కాదు. ఫ్రాన్స్‌లోని ఎపినాల్‌లో 1796లో వెలసిన పెల్లెరాఁ ముద్రణాలయం తరవాతి శతాబ్దంలో ఇలాంటి షీట్లను అచ్చువేసి అమ్మింది. పోలండ్ ప్రచురణల్లో విమానాలకు 1:33 కొలత మామూలు.

సొంతూరు వదిలి అద్దె ఇళ్లలో ఉండేవారికి ఇది అనువైన పని. సరంజామా ఒక్క సొరుగులో పడుతుంది. ఇల్లు మారితే కత్తిరించని షీట్లు ఫైల్లో పెట్టుకుపోవచ్చు. పూర్తయిన నమూనాను మోయడమే తలనొప్పి.

ఎల్కాట్ ఐటీ సెజ్ ఉన్న చెన్నై షోళింగనల్లూరులో కాపురముండే తెలుగువారికి అసలు చిక్కు తేమ. పక్కనే బకింగ్‌హామ్ కాలువ, దాని అవతల సముద్రం. ఆ గాలికి కాగితం వంకరపోతుంది. ఫెవికాల్ ఎక్కువైతే మరీ ఉబ్బుతుంది. అగ్గిపుల్ల కొనతో పలచగా రాయాలి. 160–200 జీఎస్ఎం కాగితం మేలు. మడతపెట్టే చోట స్టీలు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కాలి. తెల్లగా కనిపించే కోత అంచుకు స్కెచ్‌పెన్ రంగు పూయాలి. ఈ చివరి పని ఎగ్గొట్టడం వల్లే చాలా నమూనాలు చవకబారుగా కనిపిస్తాయి.

అన్నా సాలైలోని ఎల్ఐసీ భవనం (1959) ఎత్తు సుమారు 54 మీటర్లు. 1:200 కొలతలో అది 27 సెంటీమీటర్లు. ఏ4 కాగితం నిలువులో ఇమిడిపోతుంది. కొత్తవారు ఇలాంటి చదును గోడలతో మొదలుపెట్టి, గోపురాల జోలికి తరవాత వెళ్లడం మంచిది.