పెద్దల పేర్లు అమ్ముకున్న దళారి

1896. లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్ ముందు మీరు గుర్రపుబండి దిగుతారు. ఎదురుగా ఎర్ర ఇటుకల మిడ్‌లాండ్ గ్రాండ్ హోటల్. పెద్ద మెట్లెక్కి పైకి వెళ్లేసరికి మనుషులు కిక్కిరిసి ఉన్నారు. కంపెనీలు అమ్మజూపేవాళ్లు, పత్రికలవాళ్లు, జమీ ఉన్నా చేతిలో డబ్బాడని ప్రభువులు. అందరూ కాచుకున్నది ఎర్నెస్ట్ టెరా హూలీ కోసం.

హూలీది నాటింగ్‌హామ్. మొదట లేసు వ్యాపారం చేశాడు, తర్వాత షేర్ బ్రోకరయ్యాడు. వయసింకా నలభై నిండలేదు. ఒక కంపెనీని మొత్తంగా కొంటాడు, దానికి ఎక్కువ విలువ కట్టి షేర్లుగా జనానికి అమ్ముతాడు. దేశమంతా సైకిల్ మోజులో ఉన్న ఈ ఏడాది డన్‌లప్ గాలి టైర్ల కంపెనీని 30 లక్షల పౌండ్లకు కొన్నాడు, 50 లక్షలకు అమ్మాడు. టైరు అదే, పేటెంటు అదే. మారిందల్లా షేర్ల అమ్మకానికి వేసే ప్రకటన పత్రం (ప్రాస్పెక్టస్) మీద అచ్చయిన పేర్లు. ఎర్ల్ డి లా వార్ లాంటి ప్రభువులు డబ్బు పుచ్చుకుని డైరెక్టర్లయ్యారు. ఆ పేర్లు చూసే చిన్న మదుపుదారులు దాచుకున్న సొమ్ము తీశారు. బోవ్రిల్‌ అనే మాంససారం కంపెనీ సంగతీ అంతే: 20 లక్షలకు కొన్నది 25 లక్షలకు అమ్మాడు.

ఇక అక్కణ్నుంచి కేంబ్రిడ్జ్‌షైర్ పల్లెదారి పట్టండి. పాప్‌వర్త్ హాల్ అనే భవంతి ఇప్పుడు హూలీదే. ఈ సంవత్సరం ఆ ప్రాంతానికి హై షెరీఫ్ అనే గౌరవ పదవి కూడా అతనిదే. డెర్బీషైర్‌లోని ఇల్కెస్టన్ నుంచి కన్సర్వేటివ్ అభ్యర్థిగా పార్లమెంటుకు వెళ్లాలని ఆశ. వంశపారంపర్యంగా వచ్చే బారనెట్ బిరుదు కూడా కావాలి. అందుకోసం 50,000 పౌండ్లు పార్టీ పెద్దలకు పంపాడు. ప్రభువుల పేర్లు కొన్న చేత్తోనే ప్రభువు పక్కన కుర్చీ కూడా కొనవచ్చని అతని నమ్మకం. అప్పటిదాకా ఆ నమ్మకాన్ని ఎవరూ వమ్ము చేయలేదు మరి.

1897 జూన్ 22. సెయింట్ పాల్స్ కెథడ్రల్ ముందు జనసముద్రంలో మీరూ ఒకరు. పాలనకు 60 ఏళ్లు నిండిన విక్టోరియా రాణి మెట్లెక్కలేక బండిలోనే కూర్చున్నారు. ప్రార్థన ఆరుబయటే సాగుతోంది. ఈ ఉత్సవం గుర్తుగా కెథడ్రల్‌కు బంగారు ఆరాధన పాత్రలు కానుకిచ్చినవాడు హూలీయే. బిరుదు మాత్రం రాలేదు. దానికోసం పార్టీకి పంపిన డబ్బు వెనక్కి వచ్చింది. అప్పటికే సైకిల్ షేర్లు జారిపోతున్నాయి.

1898. లండన్ దివాలా కోర్టు గదిలో బల్ల మీద ఇరుక్కుని కూర్చోండి. హూలీ బోనులో నిలబడి ఏ ప్రభువుకు ఎంత ముట్టిందో, బిరుదు కోసం ఎంత పంపాడో ఒక్కొక్కటీ చెబుతున్నాడు. విలేకరుల పెన్సిళ్లు పరుగెడుతున్నాయి. పేర్లు బయటపడ్డ పెద్దలు కాదంటున్నారు. దివాలా తీసినవాడు పార్లమెంటులో కూర్చోకూడదని చట్టం. ఇల్కెస్టన్ ఆశ ఆ గదిలోనే ముగిసింది.

హూలీ ఆ తర్వాతా మారలేదు. 1922లో మోసం కేసులో మూడేళ్ల జైలుశిక్ష పడింది. 1947లో చనిపోయాడు. పాప్‌వర్త్ హాల్‌లో 1918లో క్షయరోగుల కోసం వైద్య కాలనీ వెలిసింది. అక్కడ పెరిగిన ఆసుపత్రిలోనే 1979లో బ్రిటన్‌లో తొలిసారి గుండె మార్పిడి విజయవంతమైంది.

హూలీ తప్పు పెద్దదే. డబ్బు పుచ్చుకుని పేరిచ్చిన పెద్దల తప్పు అంతకన్నా పెద్దదని నా తీర్పు, ఎందుకంటే జనం నమ్మింది వాళ్లను. కనుక షేరు కొనేటప్పుడు పైన ఎవరి పేరుందో చూసి ఆగిపోకండి. కంపెనీ ఏం తయారు చేస్తోంది, ఎంతకు కొని ఎంతకు అమ్ముతున్నారు, ఆ తేడా ఎవరి జేబులోకి పోతోంది, ఈ మూడూ అడగండి. ఓటు వేసేటప్పుడూ అడగండి.