పిచ్చికి మందులు: పాతవి, క్రొత్తవి

1953 వరకు చిత్తూరు జిల్లా మదరాసు రాష్ట్రములో నుండెడిది. తిరుచానూరు ప్రాంతమున ఎవరికైన మతి చలించినచో పెద్ద దిక్కు మదరాసులోని కీల్పాకు ఆసుపత్రియే. 1957లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు బాగాయములో మానసిక ఆరోగ్య కేంద్రమును తెరచిరి. చిత్తూరువారికి అది మరింత దగ్గర. సరిగా ఆ సంవత్సరములలోనే ఈ వ్యాధుల చికిత్స మారిపోయినది.

స్కిజోఫ్రీనియా అను వ్యాధి గలవారికి లేని మాటలు వినబడును. ఎవరో తమకు కీడు తలపెట్టిరని గట్టిగా నమ్ముదురు. గాలి సోకినదని మనవారు అనుకొనునది పలుమార్లు ఇదియే.

దీనికి మొదటి మందులలో ఒకటి మనదే. పాతాళగంధి వేరు పిచ్చికిని, రక్తపు పోటుకును పనిచేయునని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోసు ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రెసర్పీనును వేరుచేసిరి. ఆ యేడే పారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీనును రోగుల కిచ్చి చూచిరి. ఇది తేలికగా వాడదగినదగుటచే రెసర్పీను వెనుకబడినది. 1958లో బెల్జియములో పాల్ జాన్సెన్ ప్రయోగశాల హాలోపెరిడాలును తయారుచేసినది.

ఇవి పనిచేయు తీరు విచిత్రము. మెదడులో డోపమీను అను పదార్థము కూర్చుండవలసిన పీటపై మందు ముందే కూర్చుండును. దానితో భ్రమలు తగ్గును. కాని అవయవములను కదలించుటకును డోపమీనే కావలెను గదా! అందుచే కొందరికి చేతులు వణకును, నడక బిగియును. ఏండ్ల తరబడి వాడినచో నాలుక, దవడ వాటంతట అవే కదలుట కలదు.

క్లోజపీను ఈ దోషము దాదాపు లేనిది. దీనిని క్రొత్త మందందురు గాని, పుట్టినది 1960 ప్రాంతముననే! 1975లో ఫిన్లండులో ఎనిమిదిమంది తెల్ల రక్తకణములు క్షీణించి మరణింపగా అది మూలబడినది. ఇతర మందులకు లొంగని రోగులలో క్లోజపీను వలన నూటికి 30 మంది, క్లోర్‌ప్రోమజీను వలన నలుగురు మాత్రమే కోలుకొనిరని 1988లో అమెరికాలో తేలినది. నాటినుండి రక్తకణములను లెక్కించుచు దానిని మరల ఇచ్చుచున్నారు. తరువాత రిస్పెరిడోను, ఒలాంజపీను వచ్చినవి. వీటి ధర మొదట హెచ్చు, ఆశలు అంతకంటె హెచ్చు.

2005లో అమెరికాలో 1,493 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితములు వెలువడినవి. పాతదైన పెర్‌ఫెనజీను చాలవరకు క్రొత్తవాటికి తీసిపోలేదు. పదునెనిమిది నెలలలో నూటికి 74 మంది తమకిచ్చిన మందును మానివేసిరి. ఒలాంజపీనును కొంత ఎక్కువమంది కొనసాగించిరి గాని, బరువు, రక్తములో చక్కెర దానివలననే ఎక్కువగా పెరిగినవి. వణకునకు బదులు చక్కెర జబ్బు! ఇంటిలో ఇదివరకే మధుమేహమున్నవారికి ఇది చిన్న విషయము కాదు. ఏ మందు ఎవరికి తగునో వైద్యుడు రోగిని చూచియే తేల్చవలెను. మందు ఈడును చూచి కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన ఆవశ్యక ఔషధముల పట్టికలో హాలోపెరిడాలును ఉన్నది, ఒలాంజపీనును ఉన్నది.