రేంజ్ రోవర్ ఎయిర్ సస్పెన్షన్: లోపాల గుర్తింపు

1994లో వచ్చిన రెండో తరం రేంజ్ రోవర్ (పీ38ఏ)లో ఉక్కు స్ప్రింగులకు బదులు నాలుగు చక్రాల దగ్గరా గాలి నిండే రబ్బరు తిత్తులు ఉంటాయి. కంప్రెసర్, గాలి ట్యాంకు, వాల్వ్ బ్లాక్, ఎత్తు సెన్సర్లు, వీటిని నడిపే కంప్యూటర్ మిగతా భాగాలు.

తరచూ వినే ఫిర్యాదు, రాత్రి నిలిపిన బండి తెల్లారేసరికి కూలబడి ఉందని. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఆపిన బండిలోనూ కంప్యూటర్ అప్పుడప్పుడు మేలుకుని, కిందికి దిగిన మూలకు సమంగా మిగతా మూడింటినీ దించేస్తుంది. లీకు ఒక్కచోటే, కుంగేది బండి మొత్తం! అందుకని ఆ మేలుకొలుపు టైమర్ కనెక్టర్ తీసేసి, ప్రతి చక్రం పైన ఫెండర్ అంచు ఎత్తును టేపుతో కొలిచి రాసుకోవాలి. మర్నాడు మళ్లీ కొలిస్తే దొంగ మూల దొరుకుతుంది.

తర్వాతి పని సబ్బు నీళ్లది. ఛాసీకి గట్టి స్టాండ్లు పెట్టాకే కిందికి దూరాలి; గాలి పోతే బండి చప్పున దిగుతుంది. తిత్తి ముడతపడే చోట, పైపు జాయింట్ల దగ్గర బుడగలు చూడాలి. అక్కడ లేకపోతే వాల్వ్ బ్లాక్ ఓ-రింగులను అనుమానించాలి. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంటే దాని పిస్టన్ సీలు అరిగి ఉండవచ్చు. అయితే చాలాసార్లు దాన్ని అరగదీసేది లీకే. లీకును వదిలేసి కంప్రెసర్ మార్చడం డబ్బు దండగ.