ఇంజనులో పేరుకొను సున్నపురాయి
నంద్యాల, ఆళ్లగడ్డలు కుందూ లోయలోని ఊళ్లు. ఇచ్చటి శిలలను పరిశీలించిన భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో వానిలో ఒక తెగకు కుందేరు వర్గమని పేరిడెను. కోయిలకుంట్ల సున్నపురాయి అందులోనిదే. అట్టి రాతిని ఒరసి వచ్చిన బావినీటిలో సున్నము కరగియుండును. దారిలో రేడియేటరు ఎండినప్పుడు ఆ నీటినే పోయుట కద్దు.

1886 నాటి కార్ల్ బెంజ్ బండిలో నీరు కాగి ఆవిరియై పోయెడిది. మాటిమాటికి నింపవలసి వచ్చెడిది. 1900లో విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు వంటి రేడియేటరును నిర్మించెను. అందు 8,070 సన్నని గొట్టములు. గొట్టములలో గాలి, వాని నడిమి సందులలో నీరు. కావలసిన నీరు సగమై 9 లీటర్లకు దిగెను. మంచిదే, కాని దారి ఇరుకైన కొలది మురికి ప్రమాదకరమైనది!

వేడికి నీటిలోని కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, కార్బొనేటుగా, అనగా మరల సున్నపురాయిగా, గోడలకు అంటుకొనును. ఆ పొర ఉష్ణమును సరిగా పోనీయదు, ఇంజను కాగిపోవును. త్రుప్పు చేరిన నీరు ఎర్రబారును. పాలు కలిపిన కాఫీవలె కనబడినచో నూనె కలిసినదన్నమాట. హెడ్ గాస్కెట్టు చెడియుండవచ్చును. అప్పుడు కడిగినంతమాత్రమున లాభము లేదు.

సున్నపు పొర మాత్రము సిట్రికామ్లమునకు కరగును. సున్నపురాతి పొడిపై నిమ్మరసము పిండి, ఆ పొంగును తరగతిలోనే చూడవచ్చును. కడిగిన పిమ్మట స్వేదనజలములో గ్లైకాలును, త్రుప్పు నిరోధకములును కలిపిన ద్రవమును పోయవలెను. ఇంజను చల్లారక మునుపు మూత తీయరాదు.