ఒక పలక, పది పనులు

నల్లబల్ల, దుకాణం పేరు, కంపెనీ డైరెక్టర్ల మండలి, హాస్టల్లో భోజనం, విమానం ఎక్కడం: ఇంగ్లిషులో అన్నిటికీ బోర్డే. అర్థాలు చెల్లాచెదురుగా కనిపించినా చాలావరకు ఒకే చెక్కపలక సంతానం. పాత ఇంగ్లిషులో ‘బోర్డ్’ అంటే కోసిన పలక. దాన్ని కాళ్లమీద పరిస్తే భోజనబల్ల. బల్ల పేరు దానిమీద వడ్డించే తిండికీ పాకింది. బోర్డింగ్ స్కూలంటే అన్నం పెట్టే బడి అన్నమాట. అదే బల్ల చుట్టూ కూర్చుని వ్యవహారాలు తేల్చే పెద్దలూ బోర్డయ్యారు. కప్‌బోర్డు సంగతి మరీ తమాషా: మొదట అది గిన్నెలు పేర్చిన బల్ల, తలుపులున్న అల్మారా కావడం తర్వాతి మాట.

మరి ఓడ ఎక్కడానికీ బల్లకూ చుట్టరికమేమిటని అడగవచ్చు. ఆక్షేపణ సబబే. అంచు, ఓడ పక్కభాగం అనే అర్థంలో పాత ఇంగ్లిషులో ఇంకో ‘బోర్డ్’ ఉండేది. అది మూలంలో వేరే మాట కావచ్చంటారు. అయితే ఓడ పక్కలూ పలకలతో కట్టినవే కాబట్టి రెండూ ఏనాడో కలిసిపోయాయి. వ్యుత్పత్తి చూసుకుని మాట్లాడేవాళ్లెవరు? చెక్కతో పనిలేని విమానానికీ బోర్డింగ్ పాస్ మిగిలింది. తెచ్చుకున్న మాట ఎప్పటికీ అరువు సొమ్మేననే వాదన కూడా నిలవదు. ఇంటర్ బోర్డు, స్విచ్‌బోర్డు అక్కడి అర్థాలతోనే వచ్చాయి, నిజమే. కానీ జనం డబ్బుతో చిట్‌ఫండ్ కంపెనీ పరారైతే ‘బోర్డు తిప్పేసింది’ అంటాం చూడండి, ఆ నుడికారం ఇంగ్లిషు నుంచి వచ్చింది కాదు, అచ్చంగా తెలుగువాళ్లదే.