ముట్టుకు ముందు వారం

మన ఇళ్లలో ముట్టు రోజులకి పేర్లు చాలానే ఉన్నాయి: బయట చేరడం, దూరంగా ఉండడం, మైల. ఎక్కడ పడుకోవాలో, ఏది ముట్టుకోకూడదో నియమాలూ ఉన్నాయి. ఆ రోజులకి ముందు వచ్చే వారం సంగతి మాత్రం ఎవరూ మాట్లాడేవారు కాదు. కొందరు ఆడవాళ్లకి దుఃఖం ముంచుకొచ్చేదీ, బతుకు మీద విరక్తి పుట్టేదీ ఆ వారంలోనే. ఆ బాధకి వైద్యంలో ఒక పేరు దొరికి, అది డిప్రెషన్ పక్కన చేరడానికి ఎనభై ఏళ్లు దాటింది.

1931లో న్యూయార్క్‌లో స్త్రీల వైద్యుడు రాబర్ట్ ఫ్రాంక్ పదిహేనుమంది రోగుల వివరాలతో ఒక వ్యాసం ప్రచురించి, దీన్ని 'ప్రీమెన్‌స్ట్రువల్ టెన్షన్' అన్నాడు. ఒంట్లో ఈస్ట్రోజన్ ఎక్కువ కావడమే కారణమని ఆయన ఊహ. అదే ఏడు జర్మనీలో మనోవిశ్లేషకురాలు కరెన్ హార్నీ ఇదే విషయాన్ని మనసు వైపు నుంచి పరిశీలించింది. 1953లో ఇంగ్లండ్ వైద్యులు కాథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ దీనికి 'సిండ్రోమ్' అనే హోదా ఇచ్చారు. ప్రొజెస్టరోన్ తక్కువ కావడమే మూలమని డాల్టన్ నమ్మింది. తర్వాతి పరీక్షల్లో ఆమె మందు ఉత్తుత్తి మందు కంటే మెరుగని రుజువు కాలేదు.

ఒకరు ఎక్కువన్నారు, ఒకరు తక్కువన్నారు. నిజానికి ఈ బాధ ఉన్నవాళ్ల రక్తంలోనూ లేనివాళ్ల రక్తంలోనూ హార్మోన్లు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. 1998లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకి చెందిన పీటర్ ష్మిట్ బృందం చిక్కుముడి విప్పింది. మందుతో అండాశయాల పని ఆపితే చాలామందికి బాధ తగ్గింది. హార్మోన్లు తిరిగి ఇస్తే మళ్లీ వచ్చింది. ఆ బాధ లేని స్త్రీలకి అవే హార్మోన్లు ఇస్తే ఏమీ కాలేదు. మా వృత్తి భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ ఒకటే, దాన్ని అందుకునే వ్యవస్థలో ఉంది తేడా.

డిప్రెషన్‌తో చుట్టరికం మందుల ద్వారా బయటపడింది. సెరటోనిన్ మీద పనిచేసే ఫ్లుఆక్సెటిన్ ఇక్కడా పనిచేస్తుందని 1995లో కెనడా పరిశోధకులు చూపించారు. 2000లో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతిచ్చింది; ప్రోజాక్ మందే సారాఫెమ్ అనే కొత్త పేరుతో అమ్ముడైంది. అయితే డిప్రెషన్‌లో వారాలు పట్టే గుణం ఇక్కడ రోజుల్లోనే కనిపిస్తుంది. నెలలో సగం రోజులు వేసుకున్నా చాలామందికి సరిపోతుంది. అంటే ఇవి రెండూ చుట్టాలే గాని ఒకటి కావు.

పేరు పెట్టడం మీద పెద్ద గొడవే జరిగింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో 1987లో దీన్ని అనుబంధానికి పరిమితం చేసింది. ఆడవాళ్ల న్యాయమైన కోపాన్ని కూడా జబ్బుగా కొట్టిపారేస్తారని మనస్తత్వవేత్త పాలా కాప్లన్ గట్టిగా వ్యతిరేకించింది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. భార్య మాట నచ్చనప్పుడు "నెల దగ్గరపడిందా?" అని నవ్వే మగవాళ్లని మనమందరం చూశాం. చివరికి 2013లో 'ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్' డిప్రెషన్ జబ్బుల అధ్యాయంలో స్థిరపడింది.

ఆ గొడవ వల్ల ఒక మేలు కూడా జరిగింది. నిర్ధారణకి జ్ఞాపకం సరిపోదు, కనీసం రెండు నెలలు ఏ రోజుకారోజు రాసుకున్న డైరీ కావాలన్నారు. ముట్టు మొదలైన కొద్ది రోజులకే మబ్బు విడిపోతే ఇది. నెలంతా మబ్బు ఉండి ఆ వారం ముదిరితే అది అసలు డిప్రెషనే కావచ్చు. రెండింటికీ వైద్యం వేరు. ఈ బాధ ఉన్నవాళ్లకి కాన్పు ముందూ తర్వాతా డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువని 2024లో స్వీడన్ పరిశోధకులు చెప్పారు. పురిటికి అమ్మాయి దగ్గరికి విమానమెక్కి వచ్చే అమ్మలు నెలల పిల్లకి ఉగ్గు తేవడం మరచిపోరు. పెళ్లికి ముందు ఆ వారం ఎలా గడిచేదని కూడా ఆ పిల్ల తల్లిని అడిగితే మంచిది.