గోడకు వెలుపలివారు

చాదర్‌ఘాట్ అనగానే నేటివారికి మూసీనదిమీది వంతెనయు, దానిపై నెడతెగని వాహనముల వరుసయు, కోఠీవైపు మలుపు తిరుగు బస్సుల రొదయు మాత్రమే స్ఫురించును గాని, 1886వ సంవత్సరమున హైదరాబాదునుండి వేఱుపడి ప్రత్యేక పురపాలకసంఘమైనది మొదలు 1933లో మరల నగరమున లీనమగువఱకు, ఆ పేరు నదికి ఉత్తరపు గట్టుననున్న పేటలకు, నేడు మనము ఆబిడ్స్ అనియు నాంపల్లి యనియు పిలుచుకొను తావులతో సహా, సామాన్యనామముగా చెల్లుచుండెను. ఆ పేటలు పెరుగుటకు మూలమైనది బ్రిటిషు రెసిడెన్సీ. దాని చుట్టును గోడ. ఈ వ్యాసమునకు విషయము ఆ గోడ. ప్రేరకము ఒక వీడియో గేమ్. పెద్దలు నవ్వుదురేని నవ్వనిండు.

'అసాసిన్స్ క్రీడ్ వల్హల్లా' యను ఆ యాటను యూబిసాఫ్ట్ సంస్థ 2020 నవంబరులో విడుదల చేసినది. నార్వే దేశమునుండి వలసవచ్చిన ఐవోర్ అను యోధుడు (ఆటగాని యిచ్ఛను బట్టి యోధురాలు) తొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండునందు, ఆల్ఫ్రెడ్ వెస్సెక్సునకు రాజైయున్న దినములలో, పొడవైన నావపై అనుచరులతో నదులవెంబడి సంచరించుచు, గట్టునగల క్రైస్తవమఠములపై బడి దోచుకొనుట యిందలి ప్రధానవినోదములలో నొకటి. "మామయ్యా, ముందు కాకిని లేపండి, ఎవడెక్కడున్నడో కనవడ్తది" అని మా మేనల్లుడు కంట్రోలరు నా చేతికిచ్చెను. మాలకాకి కన్నులతో మఠమును పైనుండి చూచి, కావలివారెక్కడనున్నారో, లోపలినుండి గడియవేసిన తలుపెక్కడనున్నదో గుర్తించి, పిమ్మట తలపై ముసుగు లాగుకొని సన్యాసుల నడుమ తలవంచుకొని నడచియో, గడ్డివామిలో నక్కియో, సమయము చూచి కావలివానిని చప్పుడు కాకుండ కూల్చవలెను. అంత ఓపిక లేనివాడు కొమ్మునూది అనుచరులను గట్టున దింపవచ్చును. నేను కొమ్మే యూదితిని. లోపలనున్న పెద్దపెట్టెను ఒక్కడు తెరువలేడు. తోడుగా అనుచరుడొకడు వచ్చి చేయివేయవలెను. ఈ చిన్న యేర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. దోపిడి యనునది నలుగురు కూడి చేయు పని యని ఏ ఉపన్యాసమును లేక అది తెలుపుచున్నది.

నచ్చనిదియు నొకటి కలదు. నిరాయుధుడైన సన్యాసిపై కత్తి దూసిన, ఐవోర్ అట్టివారిని చంపలేదని తెరపై హెచ్చరిక వచ్చును. లెక్కచేయక చంపుచునే యున్న ఆట తెగిపోవును. నిజమైన వైకింగులకు అట్టి హెచ్చరికలు చేయు తెర లేకుండెను. వారు సన్యాసులను చంపిరి, చెఱబట్టిరి, డబ్లిన్ వంటి రేవులలో బానిసలుగా నమ్మిరి. 793లో లిండిస్ఫార్న్ మఠముపై జరిగిన దాడి మనకు తెలియుట ఆంగ్లో-సాక్సన్ వృత్తాంతమువలనను, షార్లమేన్ ఆశ్రయమునుండిన ఆల్క్విన్ అను పండితుని లేఖలవలనను; అనగా దెబ్బతిన్నవారి పక్షమున కలము పట్టినవారివలన. దాడిచేసినవారి కథలు ఐస్లండునందు గ్రంథస్థమగుటకు నాలుగువందల యేండ్లు పట్టినది.

మన దేశమున ఆ తొమ్మిదవ శతాబ్దముననే దీనికి విపర్యయము కానవచ్చుచున్నది. వేంగి నేలిన గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పండ్రెండు బోయకొట్టములను గొన్న వృత్తాంతము 848 నాటి అద్దంకి శాసనమున తరువోజ పద్యమై నిలిచియున్నది. మనము దానిని తెలుగు పద్యమునకు తొలినాటి యానవాలుగా గౌరవించి, యతిప్రాసలను ముచ్చటించి మురిసిపోవుదుము; ఆ కొట్టములలోని బోయలు ఆ దినమును గూర్చి తమ బిడ్డలకేమి చెప్పుకొనిరో ఛందస్సులో నిముడలేదు. ఇంగ్లండున అక్షరము గోడలోపల నుండెను, అద్దంకిలో అది గుఱ్ఱమెక్కి వచ్చినవానితో నుండెను.

ఇక చాదర్‌ఘాట్ గోడ. రెసిడెంటుగా, అనగా నిజాము దర్బారున ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, నుండిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ నగరపు దొరలవలె మొగలాయి దుస్తులు ధరించి, ఖైరున్నీసా బేగమును పెండ్లాడి, కంపెనీవారి విచారణకు గుఱియైన మనుష్యుడు. వేషము మార్చి పరుల నడుమ కలసిపోవు విద్యలో ఐవోర్‌కు తీసిపోడు. ఆతడు కోరిన స్థలముయొక్క పటము నిజాముకడకు మిక్కిలి పెద్ద కాగితముపై వెళ్లగా, తన రాజ్యపటముకూడ నింత లేదే యని నిజాము నిరాకరించెననియు, దానినే చిన్న అట్టముక్కపై గీయించి పంపగా వెంటనే యనుగ్రహించెననియు ఒక కథ కలదు. మద్రాసు ఇంజనీరు దళములోని శామ్యూల్ రస్సెల్ చేతిమీదుగా లేచిన ఆ సౌధమునకు ఉత్తరమున ఎత్తైన కొరింథియన్ స్తంభములును, మెట్లకిరుప్రక్కల సింహములును, లోపల దర్బారుమందిరమును గలవు; కర్క్‌పాట్రిక్ మాత్రము 1805లో కలకత్తాలో మరణించెను.

1857 వేసవిలో, ఔరంగాబాదున తిరుగబడిన హైదరాబాదు కంటింజెంటు సైనికులలో చీదాఖాన్ అను జమేదారు సహచరులతో నగరమునకు రాగా, దివాను సాలార్‌జంగు వారిని పట్టించి రెసిడెన్సీకి అప్పగించెను. జూలై 17 శుక్రవారము. మక్కామసీదున ప్రార్థన ముగిసినపిమ్మట వారి విడుదలకై కలకలము రేగి, సాయంకాలమునకు బేగంబజారు వాస్తవ్యుడు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ అనువారి నాయకత్వమున సుమారు ఐదువందలమంది రొహిల్లా పఠానులు రెసిడెన్సీపైకి కదలిరి. సాలార్‌జంగు వద్దనుండి వార్త ముందే చేరుటవలన రెసిడెంటు కర్నల్ డేవిడ్సన్ ఫిరంగులను సిద్ధము చేసికొనియుండెను. రొహిల్లాలు పుత్లీబౌలీ వైపున గోడకెదురుగానున్న అబ్బన్ సాహెబు, జయగోపాలదాసుల యిండ్లను ఆక్రమించి, తోటద్వారమును పగులగొట్టి, ఆ యిండ్ల మిద్దెలపైనుండి కాల్పులు సాగించిరి. లోపలినుండి మద్రాసు గుఱ్ఱపు ఫిరంగిదళము బదులు చెప్పెను. తెల్లవారుజామువఱకు సాగిన ఆ పోరులో గోడ గెలిచినది.

ఆటనుండి వచ్చిన కన్నుతో చూచిన ఇది బొత్తిగా చేతగాని దాడి: బాహాటముగ మసీదునుండి నినాదములతో బయలుదేరిరి, నగరమంతయు నెఱిగెను, శత్రువు మేలుకొనియుండెను. నా యభిప్రాయము వేఱు. మఠములోని పెట్టెకై వచ్చువాడు ముసుగు వేసికొనవలెను. చెఱలోనున్న తమవారిని విడిపింపుమని యడుగవచ్చినవాడు ముసుగు వేసికొన్న ఆ యడుగుటకే అర్థముండదు. వారు దొంగతనముగ రాకపోవుటయే వారి ఫిర్యాదు. ఓడినపిమ్మట మాత్రము ముసుగు తప్పలేదు. పట్టుబడి ద్వీపాంతరశిక్ష పడిన తుర్రేబాజ్ ఖాన్ 1859 జనవరిలో చెఱనుండి తప్పించుకొని, ఐదువేల రూపాయల బహుమానము తలపై మోసికొని తిరిగి, వారము తిరుగకమునుపే తూప్రాన్ ప్రాంతమున అక్కడి తాలూకాదారు ఖుర్బాన్ అలీ బేగు చేత హతుడయ్యెను. శవమును రెసిడెన్సీకడకు తెచ్చి బహిరంగముగ వ్రేలాడదీసిరి. మౌల్వీ అండమానున మరణించెను. రెసిడెన్సీవారు గోడలను బలపఱచుకొనిరి. ఆనాటి కథను నివేదికలుగా వ్రాసి పంపిరి. మనము నేడు చెప్పుకొను గంటలు, ఇండ్ల పేర్లు చాలవఱకు ఆ కాగితములనుండి వచ్చినవే. లిండిస్ఫార్న్‌లోవలె నిచ్చటను అక్షరము గోడలోపలివారిదే.

అయితే ఆ గోడ నీడయే కొందఱు తెలుగువారికి అక్షరమునకు ఆశ్రయమైనదనుటయు మఱువరాదు. బ్రిటిషువారి యధికారము చెల్లిన రెసిడెన్సీ బజారున, రావిచెట్టు రంగారావుగారి యింట, 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దాని స్థాపకులలో నొకరు. 1933లో ఆ బజారు నిజాముకు తిరిగివచ్చి సుల్తాన్‌బజారైనది. సౌధమునకు 1949లో స్త్రీల కళాశాల వచ్చినది, నేడది చాకలి ఐలమ్మ పేర మహిళావిశ్వవిద్యాలయము. తుర్రేబాజ్ ఖాన్ పేర కోఠీ బస్సుస్టాండు చెంత నొక స్మారకము, ఒక రోడ్డు కలవు. బస్సుకై నిలిచినవారిలో దానిని చదువువారు అరుదు.

ఇదే ఆటల వరుసలో భారతదేశమును రంగముగా గొన్నది 2016లోనే వచ్చినది. దాని కాలము 1841, నాయకుడు అర్బాజ్ మీర్, భూమి సిక్కుల రాజ్యము. ఇంకొక పదునాఱేండ్లు ముందునకు, దక్షిణమునకు జరిగిన చాదర్‌ఘాట్ చేరెడివారు. అట్లు చేరిన, స్తంభములును సింహములును దర్బారు దీపవృక్షములును గల సౌధమును చూచి కొలిచి కట్టవచ్చును, ఇటీవల దానిని జీర్ణోద్ధరణ చేసియున్నారు గనుక. పుత్లీబౌలీ సందులు, ఆ రెండు మిద్దెలు, మసీదునుండి నదివఱకు నడచిన ఐదువందలమంది మాటలు, వారి నాయకుడు తోటద్వారము కడ నిలిచి ఏ భాషలో కేకవేసెనో, ఇవన్నియు ఊహతోనే కట్టవలసియుండును.